పరుపులు

నలభై ఏళ్ల కిందట పేరుమోసిన నృత్యమది. ఇప్పుడు చక్రాల కుర్చీవాళ్లూ, వినపడనివాళ్లూ కలిసి దాన్ని కొత్తగా ఆడబోతున్నారు. భోజనాల వేళ హాల్లో ఇద్దరే మిగిలారు: అప్పట్లో అందులో ఆడిన టీచరు, కుర్చీలో కూర్చున్న కొత్త పెళ్లికూతురు.

"మీ ఆయన్ని ఆ డప్పు దెబ్బకి అందరూ ఒకేసారి పడే ఘట్టంలోంచి తీసేస్తున్నానమ్మా. నాకిక ఓపిక లేదు."

"అయ్యో, ఎందుకు టీచర్?"

"పొద్దున్నుంచి పదకొండుసార్లు, అందరూ పడ్డాక తీరిగ్గా పడ్డాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! నిన్నటిదాకా బాగానే పడ్డాడుగా. ధ్యాసంతా నీమీదే ఉన్నట్టుంది."

"ఉంటే బాగుండు! ఆ ఘట్టంలో డప్పు వినపడనిది ఆయనొక్కడికే కదండీ, చెక్కనేల అదురు అరికాళ్లకి తెలిస్తే పడతాడు. నిన్న సాయంత్రం మీరు ఈ పరుపులు పరిచారు."

"నా బుద్ధి మండా! నువ్వు కుర్చీలోంచి పడితే దెబ్బ తగులుతుందని పరిచాను. మరి చెప్పడేం?"

"అందుకేనండి చెప్పలేదు. నన్నూ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"పరుపులు తీసేస్తే నీ మోచేతులు ఏం కాను?"

"మీరప్పుడు దేనిమీద పడేవారు?"

"ఉత్త నేలమీదే. ఇప్పటికీ మోకాలు సలుపుతూనే ఉంది."

"అయితే దెబ్బ తగలకుండా పడటం నేర్పండి. మీరు చేసిన తప్పులు నేను చెయ్యను."

"గడుసుదానివే. మీ ఆయన ఒప్పుకుంటాడా?"

"చస్తే ఒప్పుకోడు. తిని వచ్చేలోపే చుట్టేద్దాం. ఆ కొస నా ఒళ్లో పెట్టండి."