మూడు మీటర్ల వైరు

హలో… ఆ, నేనే బావా, తెమిర్‌ని. చెప్పు, వినబడుతోంది… పొద్దున్నించీ నేనూ చేస్తూనే ఉన్నా… తెలుసు, సిగ్నల్ కావాలంటే ఆ గుట్టెక్కాలి కదా.

అక్కెలా ఉంది?…

ఆక్సిజన్ మెషిన్ ఎన్నింటికి ఆగింది?… మళ్ళీ పెడితే?… రెండు నిమిషాలు ఆడి మళ్ళీ ఆగింది. ఊఁ.

నేనిచ్చిన ఓల్టుమీటరు ఉందిగా. బ్యాటరీ దగ్గర ఎంత చూపించింది?… పొద్దున్న పన్నెండు. మెషిన్ దగ్గర?… పదా? మధ్యలో రెండు ఓల్టులు ఎక్కడికి పోయాయి బావా… వైరు ముట్టుకుని చూశావా?… వేడిగా ఉందా.

నేనిచ్చింది లావు వైరు కదా, చిటికెన వేలంత. అది వేడెక్కదే… ఏ వైరు కలిపావు?… దీపం వైరా? దేనికి?…

ఏమిటీ… గుడారం మార్చారా? ఎప్పుడు?… నిన్న. ఎంత దూరం?… ఇరవై అడుగులేగా అంటావు, వైరుకి నలభై అయినట్టు బావా. కరెంటు వెళ్ళడానికొకటి, తిరిగి రావడానికొకటి. అంత దూరం ఆ సన్న వైరులో సగం దారిలోనే చచ్చిపోతుంది.

బ్యాటరీ మాత్రం పాత చోటే… అవును, చుట్టూ రాళ్ళు పేర్చింది నేనేగా, మంచు పడకూడదని.

నిన్నెందుకు తిడతాను… అబ్బ, ఊరుకో బావా. అడుగున గడ్డి కుళ్ళాక గుడారం జరపని వాడెవడు? నేనూ ఆ కొండల మీదే పుట్టా. జూలై వస్తే జరుపుతారని నాకు తెలీదా? కొట్లో చుట్టెడు వైరు పెట్టుకుని, గుమ్మం నించి బ్యాటరీ దాకా కొలిచి, మూడు మీటర్లు కోసిచ్చా. పైగా ఎంత పొదుపుగా చేశానో అని మురిసిపోయా. నన్ను చెప్పుతో కొట్టాలి.

సరే, విను. ఆ దీపం వైరు పీకెయ్. రాళ్ళు తోసేసి బ్యాటరీని గుడారంలోకి తెచ్చుకో… పక్క గుడారం కుబాత్ ఉన్నాడా?… చెరో వైపు పట్టండి, పక్కకి వంచకండి. మంచం పక్కన పెట్టి నా లావు వైరుతో కలుపు. ఆడుతుంది…

ఎంతసేపా… ఆగు. ఇప్పుడు, బయల్దేరేముందు చూశావా, ఎంతుంది?… పదకొండున్నర. అంటే అడుగంటినట్టే.

…

సోలార్ పలక మీద ఎండ పడుతోందా?… బొత్తిగా లేదా. ఇక్కడా అంతే, జూలైలోనూ మంచే పడుతోంది… కనుమ దగ్గరున్నా బావా, బండిలో. బురద జారి రోడ్డు పూడుకుపోయింది. తవ్వే బండి ఎల్లుండి గానీ రాదంటున్నారు… అడిగా. హెలికాప్టర్ ఈ మబ్బులో లేవదట. రెండుసార్లు అడిగా. కాళ్ళు పట్టుకోవడమొక్కటే తక్కువ.

నీ తమ్ముడి కారా… అదీ ఇవతలే ఉంది, నా వెనకే… గుర్రం మీద దించడం కుదరదు బావా, అక్క కూర్చోలేదుగా… కుబాత్ మోటార్‌సైకిల్ బ్యాటరీ ఒకటుంది. అరగంట వస్తుంది. అదీ తెచ్చుకో.

అన్నీ కలిపి… రెండు గంటలు. రెండున్నర… చూడు బావా, అబద్ధం చెప్పమంటే చెబుతా. ఏం లాభం?

…

ఏడవకు… నేను మాత్రం ఏం చేస్తున్నాననుకున్నావు.

ఈ ఊపిరితో కొండెక్కొద్దని డాక్టరన్నాడు. నేనూ వద్దన్నా. నేను వెళ్ళకపోతే గుర్రం పాలు ఎవరు చిలుకుతారురా అంది. అక్క మాటకి మనింట్లో ఎదురు చెప్పిందెవరు చెప్పు…

బావా, ఒక్కటి విను. బ్యాటరీ అయిపోయేముందు ఆ మెషిన్ గట్టిగా కూస్తుంది. అక్కకి అర్థమైపోతుంది… మెషిన్ అడుగున, కుడివైపు, చిన్న చిన్న చిల్లులుంటాయి. చప్పుడు వాటిలోంచే వస్తుంది. రొట్టె పిండి ముద్ద ఒకటి తీసుకుని ఆ చిల్లులకి గట్టిగా అద్దెయ్… కాదు, గాలి లాగేది వెనక వైపు. దాన్ని ముయ్యకు… ఆ. వినిపించదు.

అంతే. అంతకంటే నాకేమీ తెలీదు బావా.

ఇక వెళ్ళు, ఫోన్లో నాతో గడిపేది కూడా తన దగ్గర గడపాల్సిందే… అడిగితే, తెమిర్ వస్తున్నాడని చెప్పు… ఎక్కడిదాకా అంటుంది. అంటే… కనుమ దాటేశాడని చెప్పు.

పెట్టేస్తున్నా.