ఫోన్ ముట్టని నలభై రోజులు

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోయే రోడ్డు మీద, బుచ్చమ్మ చాయ్ బండి దగ్గర రాఘవేందర్ కూర్చున్నాడంటే ఇక ఆ నోటికి తాళం వేయడం ఎవరి తరమూ కాదు. మనిషి చెడ్డవాడేం కాదు. చెడ్డ అలవాట్లు మాన్పించే కోచ్. సిగరెట్టు, గుట్కా, కోపం, ఏదైనా మాన్పిస్తానంటాడు. మాన్పించుకోవడానికి మనుషులు దొరకడమే కష్టమైపోయింది. వాళ్ల కోసమని రోజుకు మూడు వీడియోలు పెట్టీ పెట్టీ, ఎవరు చూశారో, ఎవరు మెచ్చారో అని పది నిమిషాలకోసారి ఫోన్ తడుముకునీ తడుముకునీ కళ్లు గుంటలు పడ్డాయి. అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగడం లేదు. ఈ సంగతి మాత్రం పొరపాటున కూడా బయటికి రానీయడు.

ఆ సాయంత్రం ప్లాట్లు అమ్మిపెట్టే అంజయ్య పటేల్ చాయ్ ఊదుకుంటూ అడిగాడు. "ఏంది రాఘవేందరూ, ఫోన్ బంద్ వెట్టిన అని వీడియో వెట్టినవట? మా కోడలు చూపిచ్చింది."

ఫోన్ మానేసినోడివి ఫోన్‌లో ఎట్లా చెప్పావురా అని అడిగి ఉంటే కథ అక్కడే ఆగేది. అంజయ్యకు తట్టలేదు.

"ఎనిమిది రోజులు ముట్టలే పటేలా," అన్నాడు రాఘవేందర్. ఎనిమిది గంటలు కూడా వదిలింది లేదు. కానీ అంజయ్య ముందుకు వంగి కూర్చునేసరికి ప్రాణం లేచొచ్చింది. తను చెప్పేది ఒక మనిషి ఎదురుగా కూర్చుని విని ఎన్నాళ్లయిందో. "గిరాకి రావాల్నంటే దినాం పోస్టులు వెట్టాల్నంటరు అందరు. నేనన్న గదా, సరుకు మంచిదైతే గిరాకి అదే నడుసుకుంట వస్తది. ఫోన్‌ను రుమాల్ల చుట్టి, తీస్కపోయి బుచ్చవ్వ చక్కెర డబ్బాల వెట్టిన."

"నా డబ్బాల ఎప్పుడు వెట్టినవ్ కొడుకా?" అంది బుచ్చమ్మ చాయ్ వడబోస్తూ.

"నువ్వు సూడనప్పుడు అవ్వా. రెండు రోజులు చేతులు గుంజినయి, అబద్ధమెందుకు. మూడోనాడు పండుకుంటే మేడ్చల్ రైలు కూత గూడ ఇనవడలే, గంత నిద్ర. నాలుగోనాడు పొద్దుగాల తలుపు తీసిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?"

"వాకిట్ల ఇద్దరు మనుషులు. గాజులరామారం నుంచి. సార్, మీరు ఫోన్ల కనవడుతలేరని పరేషానై దేవులాడుకుంట వచ్చినం అన్నరు."

అప్పుడే బల్ల అవతలి కొసన కుమార్ కనిపించాడు. తుర్కపల్లి ల్యాబుల సిబ్బందిని దింపే క్యాబ్ నడుపుతాడు, నీలం చొక్కాలోనే ఉన్నాడు. గుట్కా మానాలని తనంతట తానే వెతుక్కుంటూ వచ్చిన ఒకే ఒక్క మనిషి ఆ కుమార్. ప్రతి బేస్తవారం నాలుగు గంటలకు ఈ బల్ల మీదే కలుద్దామని మాటిచ్చాడు తను. రెండు బేస్తవారాలు కలిసిన గుర్తుంది. ఆ తర్వాతివి గుర్తులేవు. చూపు మళ్లించి గొంతు పెంచాడు.

"ఇరవై ఒకటో రోజుకు సూడాలె పటేలా..."

"ఎనిమిది రోజులంటివి గదా?"

"ఎనిమిది మొదటి విడత. ఇరవై ఒకటో రోజుకు తుర్కపల్లి క్యాబ్‌లన్ని మా గల్లీకి మల్లినయి. లైను సూరారం దాక వోయింది. ఇంట్ల జాగ చాలక మిద్దె మీద క్లాసు వెట్టిన. మా గల్లీ కోతులుంటయి గదా, అవి గూడ పిట్టగోడ మీద వరసగ కూసోని ఇన్నయి. ఆ దినం నుంచి ఒక్క కోతి ఒక్కరి సంచి గుంజలే."

"మొన్ననే నా బన్ను ప్యాకెట్టు ఎత్తుకవాయె," అంది బుచ్చమ్మ.

"అది వేరే గల్లీ కోతి అవ్వా. క్లాసుకు రాలే." అంజయ్య పొట్ట పట్టుకుని నవ్వుతుంటే రాఘవేందర్‌కు ఇక పగ్గాల్లేవు. "ఇగ నలభయ్యో రోజు, ఇది ఎవ్వరికి చెప్పలే, టవర్ కంపెనీ పెద్దసారు కారేసుకోని వచ్చిండు. అయ్యా, మీరు పోస్టులు బంద్ జేసినకాంచి మా టవర్‌కు పనిలేక తుప్పు వడుతాంది, ఒక్క ఫోటోనన్న వెట్టున్రి అని కాళ్ల మీద వడ్డడు. నేను కరగలే. తెల్లారి మిద్దెక్కి సూస్తే, ఆ టవర్ మా ఇంటి దిక్కు వంగి ఉన్నది పటేలా. దండం వెట్టినట్టు."

అంజయ్య కళ్లు తుడుచుకున్నాడు. "సరే గని, గింతమందికి మాన్పిస్తివి గదా, ఒక్కని పేరు చెప్పు. మా కాలనీల నలుగురున్నరు, పంపిస్త."

"ఒక్కరా ఇద్దరా పటేలా," అంటూ రాఘవేందర్ చాయ్ గ్లాసు అందుకున్నాడు.

"మీ కోడలు చూపిచ్చిన ఆ వీడియోల నేనున్న పటేలా," అన్నాడు కుమార్. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. లేచి వచ్చి ఫోన్ అంజయ్య చేతిలో పెట్టాడు. తెర మీద రాఘవేందర్, ఫోన్ మానితే వచ్చే మనశ్శాంతి గురించి చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. వెనక ఇదే బండి, ఇదే బల్ల. బల్ల మీద నీలం చొక్కా మనిషి ఒకడు, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇటే చూస్తూ.

"మొన్న బేస్తారం. అంతకుముందు రెండు బేస్తారాలు గూడ వచ్చి కూసున్న, సార్ రాలే. ఆ దినం వచ్చిండ్రు. ఇదే వీడియో పదిహేడు సార్లు తీసిండ్రు. ఒక్కసారన్న ఎనకకు మల్లుతరేమో అని సూసిన."

రాఘవేందర్‌కు తల కొట్టేసినట్టయింది. భూమి నోరు తెరిస్తే బాగుండునని మనుషులు ఊరికే అనరు. "పిలవకపోతివి కుమార్," అన్నాడు. ఆ మాట తన చెవికే సిగ్గుమాలినట్టు వినిపించింది.

"పిలుద్దామనే అనుకున్న సార్. గని మీరే నేర్పిచ్చిన్రు గదా. పానం గుట్కా దిక్కు గుంజినప్పుడు లేసి ఉరకకు, కూసోని ఆగు, అదే వోతది అని. ముప్పై ఒక్క రోజులు అట్లనే ఆగిన. ఆ దినం మస్తు గుంజింది. అందుకే కూసోని ఆగిన."

బుచ్చమ్మ చాయ్ గిన్నె దించింది. "ఆ తర్వాత ఏమైంది బిడ్డా?"

"ఏమైతది అవ్వా. ట్రిప్పు టైమైంది, సారు ఇంక తీస్తనే ఉన్నరు. పోతా పోతా పాన్ డబ్బాల ఒక ప్యాకెట్ కొనుక్కున్న."

ఏదో ఒకటి చెప్పాలని రాఘవేందర్ కుమార్ వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ గుర్రుమంది, వీడియో కింద ఎవరో ఏదో రాసినట్టున్నారు. అతని చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ముగ్గురూ ఆ చెయ్యి వంకే చూశారు.