అరగంటకోసారి

అయ్యో, ఆ బొమ్మ నాకు చూపించక్కర్లేదు డాక్టరుగారూ. ఎన్నిసార్లు చూపిస్తారు? మణికట్టు వంగకూడదు, కీబోర్డు మోచేతి ఎత్తులో ఉండాలి, మౌసు కోసం చెయ్యి సాచకూడదు, అరగంటకోసారి ఆపి వేళ్ళు చాపాలి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా ఆఫీసు గోడకి ఆ బొమ్మ అంటించిందే నేను!

ఏంటీ, తెలిసి కూడానా? ఆఁ. తెలిసే.

చెల్లి ఆ గదిలోనే ఉంది కదా, కాపడానికి వేడి మైనంలో చెయ్యి పెట్టుకుని? ఇంకా ఎంతసేపు? పావుగంటా? అయితే ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యండి.

మాది ఆసుపత్రుల కాగితాలు టైపు చేసే ఆఫీసు. పన్నెండు మంది ఆడవాళ్ళు, వాళ్ళ మీద నేను. చెల్లిని తెచ్చి చేర్పించిందీ నేనే. కూర్చుని చేసే పనేగా, ఒళ్ళు అలిసిపోదు అన్నాను.

కంప్యూటర్లలో ఒక ఏర్పాటు ఉండేది. అరగంట అయ్యిందంటే తెర నల్లబడిపోతుంది. ఐదు నిమిషాలు ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడదు. అందరూ చేతులు విదిలించుకుంటూ, కబుర్లాడుకుంటూ... అబ్బ, ఎంత గోలో!

వేసవిలో అది ఆగిపోయింది.

రెండు నెలలకి చెల్లి, "అక్కా, బొటనవేలు తిమ్మిరెక్కుతోంది" అంది. అందరికీ ఉండేదేలే, ఇంట్లో ఫోను తగ్గించు అన్నాను. తర్వాత పెన్ను జారిపోతోందంది. ఈ నెల గడవనీ, సెలవు ఇప్పిస్తానన్నాను. నెల గడిచింది. ఇంకోటి వచ్చింది. నెలలకేం, వస్తూనే ఉంటాయి.

ఒకరోజు చెల్లి, కూతురి బడిబట్టలు ఇస్త్రీ చేస్తూ, పెట్టె అంచుకి వేళ్ళు ఆనించి ఎవరితోనో మాట్లాడుతోందిట. కాలిన వాసన వస్తే బట్ట మాడిందనుకుంది. బట్ట కాదండీ.

ఆ తర్వాత మణికట్టుకి ఆపరేషను. అదంతా మీకు తెలిసిందే.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్ళి దాని కూతురికి జడ వేసి, అట్నుంచే ఆఫీసుకి పోతాను. అది పక్కన కూర్చుని చూస్తుంటుంది. మొన్న ఏమందో తెలుసా? "పైవాళ్ళు ఆ ఏర్పాటు తీసేస్తుంటే, నువ్వొక్కదానివే ఎంత పోట్లాడి ఉంటావో అక్కా."

నేను అల్లుతూనే ఉన్నాను. రిబ్బను కట్టాను. జడ బాగానే కుదిరింది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. ఏమీ రాలేదు.

పైవాళ్ళెవరండీ? వాళ్ళు పేజీలు పెంచమన్నారు, అంతే. తెర సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు నేనే ఒక్కో కుర్చీలో కూర్చుని తీసేశాను. పైనుంచి ఆర్డరొచ్చిందని చెప్పాను. చెల్లి కంప్యూటరు దగ్గర కాసేపు ఆగిన మాట నిజం. ఇదొక్కటీ ఉంచేద్దామా అనిపించింది. మిగతావాళ్ళు చూస్తే ఊరుకుంటారా? అదీ తీసేశాను.

మళ్ళీ పెట్టానా అంటారా? పెట్టాను. ఆపరేషను రోజే పెట్టాను. పది రోజులుంచాను. పేజీలు తగ్గాయి.

ఇప్పుడా? ఇప్పుడు లేదండీ.

నా చేతులా? చూడక్కర్లేదు లెండి, వాటికేం కాలేదు. నేను టైపు చెయ్యను కదా. చేయిస్తాను.