నీళ్లు పోసి పిలిచే పేరు

క్లీవ్‌లాండ్‌లో, ఒకప్పుడు బట్టలుతికే దుకాణంగా ఉన్న గదుల్లో నడుస్తున్న ట్యూషన్ సెంటర్. సెలవులిచ్చే ముందు పిల్లలతో నల్లవాళ్ల చరిత్ర చెప్పించి, క్వాంజా అనే వాళ్ల పండుగ కూడా జరిపే సాయంత్రం. ముందు గదిలో కుర్చీలు సర్దుతున్న చప్పుడు. వెనక వంటగదిలో తలుపు వేసుకుని ఇద్దరే ఉన్నారు. రెనీటా వచ్చి కోటైనా విప్పలేదు. సెంటర్ నడిపే మిస్ ఆర్డెల్లా మొక్కజొన్న రొట్టె ముక్కలు కోయడం ఆపలేదు.

“బతికున్న మనిషి పేరు, మిస్ ఆర్డెల్లా! బతికున్న మనిషిని తీసుకెళ్లి చచ్చినవాళ్లలో కలిపేస్తుంటే మీరేం చేస్తున్నారు?”

“నీళ్లు పోస్తున్నాను. కాస్త మెల్లిగా, రెనీటా. ముందు గదిలో ఉన్నవాళ్లందరికీ పాము చెవులే.”

“మీకు నవ్వులాటగా ఉందా?”

“లేదమ్మా. నిన్న రిహార్సల్లో జరిగింది జరిగినట్టు చెప్తాను, విను. ముందు పిల్లలు బానిసత్వం తప్పించుకుని ఈ సరస్సు దాటి అవతలి దేశానికి పోయినవాళ్ల కథలు అప్పజెప్పారు. ఆ తర్వాత నేను చెంబు పట్టుకుని కుండీలో మొక్కకి నీళ్లు పోస్తుంటాను. ఒక్కొక్కరూ లేచి వాళ్లింట్లో పోయినవాళ్ల పేరు పిలవాలి, మిగతావాళ్లం చర్చిలో ఆమెన్ అన్నట్టు ‘ఆషే’ అనాలి. ఏటా చేసేదే. డేరియన్ వాళ్ల కుక్క పేరు పిలిచాడు.”

“కుక్కా?”

“నిజంగానే పోయిందట, పాపం. దానికీ ఆషే అన్నాం. ఆ వెంటనే మీ నైలా లేచి ‘క్లిఫ్టన్ మేబ్రీ’ అంది.”

“మీరు ఆపలేదా?”

“ఆపాను. ‘మీ నాన్న పేరు కాదు తల్లీ, పోయినవాళ్ల పేరు చెప్పాలి’ అన్నాను. ‘తెలుసు మిస్’ అని కూర్చుంది. దానికేం తెలుసో నాకు తెలీలేదు.”

“ఎనిమిదేళ్ల దానికి ఏం తెలుస్తుంది! వాళ్ల నాన్న మీద కోపం, అంతే. మార్చిలో ఓడెక్కినవాడు ఇంకా ఇంటికి రాలేదని కోపం.”

“ఎప్పుడొస్తున్నాడు?”

“జనవరిలో. సరస్సు గడ్డకడితే ఖనిజం మోసే ఓడలన్నీ ఒడ్డుకి చేరాల్సిందేగా. అదంతా ఎందుకు గానీ, ఈ సాయంత్రం దానికి వేరే పని చెప్పండి. కొవ్వొత్తులు వెలిగించమనండి.”

“ఆ పని ఆ పిల్లాడు జస్టిస్‌ది. వాడి దగ్గర లాక్కుంటే వాళ్లమ్మ నన్ను వెలిగిస్తుంది.”

“అయితే రొట్టెలు పంచమనండి. కాదంటే ఇంటికి తీసుకుపోతాను.”

“తీసుకుపో. కారణం ఏం చెప్తావు?”

“తల్లిని. కారణాలు కూడా చెప్పాలా?”

“నాకు చెప్పక్కర్లేదు. దానికి చెప్పాలి. ఇంతకీ మీ ఆయనతో అన్నావా ఈ సంగతి?”

“ఆఁ… అన్నాను. ఆదివారం.”

“రిహార్సల్ జరిగింది నిన్న.”

“అంటే, ఇదని కాదు. మామూలుగా. దాని కోపం గురించి. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడులెండి. గంటసేపు మాట్లాడుకుంటాం. నవ్వుకుంటాం.”

“గంటసేపా?”

“గంట. ఒక్కోసారి ఇంకా ఎక్కువే.”

“క్లిఫ్టనా?”

“ఏం, నా మొగుడు నాతో మాట్లాడకూడదా?”

“మాట్లాడాలి. కానీ రెనీటా, వాడు నా దగ్గరే కదా చదువుకుంది. నత్తి. ‘ఉన్నాను మిస్’ అని పూర్తిచేసేలోపు నేను మిగతా పిల్లలందరి పేర్లూ పిలిచేసేదాన్ని. ఫోను మోగితే మంచం కింద దూరేవాడని వాళ్లమ్మ మొత్తుకునేది. మీ పెళ్లిలో ‘సరే’ అనడానికి వాడు పడ్డ పాటు చూసి పాస్టర్‌కి చెమటలు పట్టాయని నువ్వే కదూ చెప్పి చెప్పి నవ్వావు.”

“తగ్గింది. నత్తి.”

“ఎప్పుడు?”

“తగ్గింది అంటున్నానుగా!”

“రెనీటా.”

“అలా పిలవకండి.”

“ఇదిగో, కత్తి కింద పెట్టేశాను. ఇటు తిరుగు. వదిలేసి వెళ్లిపోయాడా? ఇంకొకత్తెతోనా?”

“అదైనా బాగుండేది.”

“ఏమిటీ?”

“అదైనా బాగుండేది మిస్ ఆర్డెల్లా. వెళ్లి ఆవిడ గుమ్మంలోనే నిలదీసి, చెవి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని.”

“ఎప్పుడమ్మా?”

“అక్టోబరులో. ఇంజన్ గదిలో కూలిపోయాడు. గుండె. ఒడ్డుకి తెచ్చేలోపే… డెట్రాయిట్‌లో, వాళ్లమ్మ ఊళ్లో పూడ్చిపెట్టాం. నైలాకి ఆఫీసు ట్రైనింగని చెప్పాను. నల్ల గౌను సంచి అడుగున కుక్కుకుని వెళ్లాను.”

“దేవుడా. ఇక్కడ ఒక్క ప్రాణికీ చెప్పలేదు నువ్వు.”

“చెప్తే ఊరుకుంటారా? వీధి వీధంతా చావింటికి వండి తెచ్చే గిన్నెలు పట్టుకుని మా వాకిట్లో బారులు తీరరూ? వేయించిన కోడి వాసనకే దానికి తెలిసిపోతుంది. ముందు దాని పుట్టినరోజు అడ్డొచ్చింది. తర్వాత థ్యాంక్స్‌గివింగ్. ఇప్పుడు క్రిస్మస్. పండగ లేని నెల ఏదో మీరే చెప్పండి, ఆ నెలలో చెప్తాను.”

“మరి ఆదివారం ఫోన్లో ఎవరు?”

“ఎవరూ లేరు. వంటింట్లో నిలబడి చెవికి ఆనించుకుంటాను. ‘నాన్న డ్యూటీకి వెళ్లిపోయాడే, నీకు ముద్దులు చెప్పమన్నాడు’ అంటాను. మొదట్లో దానికోసమే. ఇప్పుడు అది ఇంట్లో లేనప్పుడు కూడా మాట్లాడుతున్నాను. పిచ్చిదాన్ని అనుకోకండి.”

“అనుకోను. కానీ జనవరిలో ఓడలొచ్చేస్తాయి.”

“తెలుసు.”

“అందరి నాన్నలూ దిగుతారు.”

“తెలుసు, తెలుసు! అప్పటికి ఏదో ఒకటి చూస్తాను. ఈ ఒక్క సాయంత్రం గడవనివ్వండి. దాన్ని లేవనివ్వకండి. అది ఆ పేరు పిలిచి, అంతమందీ ‘ఆషే’ అంటే నేను ఆ కుర్చీలో కూర్చోగలనా?”

“ఈ పూటకి దాని నోరు మూయగలను. రేపు ‘ఎందుకు మిస్’ అని అడిగితే అబద్ధం మాత్రం ఆడలేను.”

“అది నా పిల్ల!”

“వాడు నా పిల్లాడు. వాడి పేరు ఒక్కసారైనా ఇక్కడ పిలవనివ్వవా?”

“పిలవండి. నేను లేనప్పుడు పిలవండి. మేమిద్దరం లేనప్పుడు…”

“ష్! తలుపు. ఎవరది? నైలా, నువ్వా?”

“నేనే మిస్. అందరూ వచ్చేశారు, చెంబు కనపడట్లేదని జస్టిస్ గోల పెడుతున్నాడు. అమ్మా! ఎప్పుడొచ్చావు? ముందు వరసలో కూర్చుంటావా?”

“కోటు తెచ్చుకో నైలా. ఇంటికెళ్దాం.”

“ఇప్పుడా? నా వంతు అయ్యాక వెళ్దాం.”

“నీ వంతు లేదు. నాన్న పేరు అలా పిలవకూడదు, తప్పు. నాన్న… నాన్న జనవరిలో…”

“రెనీటా, చెప్తే నిజం చెప్పు. లేకపోతే ఊరుకో.”

“మీరు మధ్యలో రాకండి!”

“మిస్‌ని తిట్టకమ్మా. మిస్ వద్దనే అంది. నేనే పిలిచాను. అమ్మా, నువ్వు ఇక్కడ కూర్చో. ముందు కూర్చో.”

“నేనెందుకే కూర్చోవడం? ఏమిటి, ఏం చెప్పబోతున్నావు?”

“థ్యాంక్స్‌గివింగ్‌కి డెట్రాయిట్ వెళ్లినప్పుడు నానమ్మ నన్ను శ్మశానానికి తీసుకెళ్లింది. రాయి మీద నాన్న పేరుంది. ‘మీ అమ్మకి తెలీనివ్వకు’ అని ఒట్టు వేయించుకుంది. కానీ నువ్వేమో ప్రతి ఆదివారం ఫోన్లో నాన్నతో నవ్వుతూ మాట్లాడుతున్నావు కదా, నీకు ఇంకా ఎవ్వరూ చెప్పలేదనుకున్నాను. ఒక్కదానివే ఉన్నప్పుడు తెలిస్తే ఎలా అని, ఇంతమంది ఉన్నచోట చెప్దామనుకున్నానమ్మా.”