చెప్పులు దాచే డాక్టరుగారు

అమ్మా, డాక్టరుగారి పిల్లలూ, తోటి సిస్టర్లూ, ముందు వరసలో కూర్చున్న మేనేజరుగారూ! ఇంతమంది వచ్చారు. మన మత్తు డాక్టరుగారు లేరంటే ఎవరికీ నమ్మబుద్ధి కావడం లేదు. రికవరీ గది సిస్టర్‌ని, నాకైతే అసలు కావడం లేదు. నమ్మకపోవడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. మన దగ్గర పద్ధతి అదే కదా! ఒళ్ళంతా మత్తివ్వరు, కాలో చెయ్యో మొద్దుబారేలా సూది వేస్తారు. మనిషి మెలకువగా ఉంటాడు, కబుర్లు చెబుతాడు, 'బాగానే ఉన్నాను, పంపించేయండి' అంటాడు. కాలు మాత్రం ఇంకా అతని మాట వినదు. అందుకే డాక్టరుగారు రికవరీ గదిలో తన బల్ల కింద పేషెంట్ల చెప్పులు దాచేవారు. పాదానికి నేల తెలిసేదాకా ఇచ్చేవారు కాదు.

ఆ తాపీమేస్త్రి గుర్తున్నాడా? మోకాలి ఆపరేషన్. 'పరిగెత్తి చూపించనా సార్' అని ఒకటే గోల. డాక్టరుగారు అతని కళ్ళమీద తువ్వాలు కప్పి, 'ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నాను?' అన్నారు. 'బొటనవేలు సార్!' అన్నాడు ఠక్కున. అప్పుడు డాక్టరుగారి చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. గదిలో నవ్వనివాళ్ళు లేరు. చెప్పులు మాత్రం బల్ల కిందే ఉండిపోయాయి.

అమ్మా, మీ పాదానికి ఆపరేషన్ అయినప్పుడు, 'నేను మీ భార్యనండీ, నా మాటైనా నమ్మరా?' అన్నారు మీరు. 'పెళ్ళయిన నాటినుంచీ ఏ నొప్పీ లేదని చెప్పే మనిషివి, నిన్నెలా నమ్మను?' అన్నారాయన. ఇప్పుడు నవ్వుతున్నారు గానీ, ఆ రోజు మీరు ఆయనతో మాట్లాడలేదు.

పోనీ, తనను తానైనా నమ్మారా? అదీ లేదు. 'సూది వేసిందీ నేనే, మత్తు దిగిందనేదీ నేనేనా? సిస్టర్, మీరు చూడండి' అనేవారు. ఒకసారి ఇంటికి వెళ్ళొచ్చని ఆయన సరేనన్న పెద్దావిడను నేను ఆపాను. పట్టుకుని నిలబెడితే మోకాలు మడతపడిపోయింది. ఆయన ముఖం చిన్నబోలేదు, వెలిగిపోయింది. 'నన్నే అనుమానించారా! ఇక నేను నిశ్చింతగా సెలవు పెట్టొచ్చు' అన్నారు. ఇలాంటి సెలవు పెడతారనుకోలేదు. ఆయన లేని ఆ గదిలోకి వెళ్ళాలంటే భయంగా ఉంది.

ఇక నా అనుమానం చెబుతాను. ఈ హాల్లో అందరికంటే పెద్ద పూలగుత్తి తెచ్చిందెవరు? మేనేజరుగారు. మంచాలు ఖాళీ కావడం లేదని డాక్టరుగారి మీద రోజూ సణిగిందెవరు? ఈయనే. ఈ పొద్దున వెళ్ళి చూస్తే డాక్టరుగారి బల్ల లేదు. గదికి రంగు వేయించడానికి తీశారట. మరి ఆ చోట కొత్త మంచం అప్పుడే ఎలా వచ్చిందండీ? రేపటినుంచి కాళ్ళు మొద్దుగా ఉండగానే మనుషుల్ని బండెక్కిస్తారా? నా అనుమానం తప్పయితే ఇక్కడే, అమ్మగారి ముందే చెప్పండి. బల్ల తిరిగి వస్తుందా, రాదా?

వస్తుందని తల ఊపుతున్నారు. నేను నమ్మను. రేపు వచ్చి చూస్తాను. బల్ల లేకపోతే పేషెంట్ల చెప్పులు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

ఇప్పుడు అందరం ఆయనకోసం మౌనంగా నిలబడదాం. తొందరేం లేదు. చెప్పులు పక్కన విడిచి, రెండు పాదాలూ కింద ఆనించండి. నేల తెలుస్తోందా? తెలిస్తేనే లేవండి.