ముక్కు మాస్టారు కొయ్యని స్పీకరు

పాట పెడితే బరబరమంటోందా అమ్మలూ? ఇలా తే, చూద్దాం. స్పీకరు ముందుండే ఈ అట్టని రెండు బొటనవేళ్లతో రెండు పక్కలా సమానంగా నొక్కాలి. గీసుకుంటున్న చప్పుడొచ్చిందంటే లోపల కాయిల్, అదే రాగితీగ చుట్ట, పాడైనట్టే. ఇది ముక్కు మాస్టారి దగ్గర చూసి నేర్చుకున్నదేలే. బడి పంతులు కాదు, స్పీకర్లు బాగుచేసేవాడు. ఆయన పోయేనాటికి మీ నాన్న ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. మెట్ల కింద గది, ఒక బల్ల, ఒక మీటరు, ఒకటే కుర్చీ, అదీ ఆయనదే. కాలిన స్పీకరు పట్టుకెళితే మన ఎదురుగానే బ్లేడుతో అట్ట కోసి, నల్లబడ్డ కాయిల్ బయటికి తీసి, ముందు తను వాసన చూసి, తర్వాత మన ముక్కు కింద పెట్టేవాడు. "చూడు నాయనా, నీ చేతి వంట." ఎంత పెద్దమనిషి తెచ్చినా అంతే, వాసన చూసి తీరాల్సిందే. అందుకే ఆ పేరు. కాస్త తిక్కమనిషి.

నేనప్పుడు మైకు సెట్లు అద్దెకిచ్చే ఓనరు దగ్గర ఆపరేటర్ని. మీ నాయనమ్మ కడుపుతో ఉంది. ఆ పని పోతే ఇంకోటి దొరికే దారి లేదు. ఒక సభలో పెద్ద ఆంప్లిఫయరు మొరాయిస్తే చిన్నది తగిలించా. చిన్నదే కదా, పెద్ద స్పీకర్లని ఏం చేస్తుందిలే అనుకున్నా. వెనకవాళ్లు వినపడట్లేదని గోల. ఇంక చాలని ఆంప్లిఫయరు మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, నేను సౌండు గుండీ తిప్పుతూనే ఉన్నా. ఓపిక లేని ఆంప్లిఫయరుని అలా తరిమితేనే స్పీకర్లు కాలేది. నాకప్పటికి తెలీదు. నాలుగూ పోయాయి. ఓనరు ఒకటే మాట, "నువ్వు కాల్చావని తేలితే రేపట్నుంచి పనిలోకి రాకు." నన్ను వెంటబెట్టుకుని, స్పీకర్లు రిక్షాలో వేయించి మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు నెలల కిందట వాటికి కొత్త కాయిళ్లు వేసింది ఆయనే.

మాస్టారు నొక్కి చూశాడు. గీసుకుంది. ఎత్తి వెనక రంధ్రం దగ్గర వాసన చూశాడు. నావైపు చూశాడు, ఎక్కువసేపేం కాదు. ఓనరు అడిగాడు, "ఏంటి, వీడే కాల్చాడా?" మాస్టారు చేతిలో బ్లేడు బల్లమీద పెట్టేశాడు. "కాలలేదయ్యా. జిగురు వదిలేసింది. నేను పెట్టిందే." ఓనరు నమ్మలేదు, "నాలుగింటికీనా?" "నాలుగింటికీ. డబ్బా పాతది, చూసుకోలేదు." జిగురు ఆరడానికి గంట తక్కువైతే ఊరుకోని మనిషి ఆ మాటన్నాడు, అదీ బయట నలుగురు నిలబడి వింటుండగా. ఓనరు ఆ స్పీకర్లు మళ్లీ రిక్షా ఎక్కించి వేరే కొట్టుకి పంపాడు. అక్కడ వాసన చూసేదెవరు, పాతవి పీకి పారేసి కొత్తవి వేసిచ్చారు. కనపడ్డవాళ్లందరికీ ఆ జిగురు కథే. ఏడాది తిరక్కుండా ఆ గదికి తాళం పడింది. ఆయన కూతురింటికి వెళ్లిపోయాడు, అక్కడే పోయాడని విన్నాం. నేను ఆ ఓనరు దగ్గరే ఇరవయ్యారేళ్లు చేశా.

ఎందుకు చేశాడా? నాకేం తెలుసు. మర్నాడు వెళ్లా, గుమ్మం దాకా. నోరు తెరవబోతే "వెలుతురుకి అడ్డం నిలబడకు" అన్నాడు. పక్కకి జరిగా. అలా జరిగి జరిగి ఇంటికొచ్చేశా.

ఓనరుకా? చెబుదామనే అనుకున్నా. ముందు మీ నాన్న పుట్టనీ అనుకున్నా. తర్వాత బడిలో చేరనీ అనుకున్నా. ఈలోగా మాస్టారు పోయాడని కబురొచ్చింది, ఇంక ఎవరికోసం చెప్పడం అనుకున్నా.

ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు లోపలికొస్తోంది.