లారీ ఎక్కని కొలను

పెరట్లో భార్య గునపంతో గుంత తవ్వుతోంది. భర్త కుండీల మధ్య నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

“అద్దె పెరట్లో కొలనేమిటి? ఇంటి ఓనరమ్మ చూస్తే ఊరుకుంటుందా?”

“అడిగాను. తవ్వుకోమంది.”

“నాలుగు కలువలకి ప్లాస్టిక్ తొట్టి చాలదూ?”

“చాలదు. నేలలోనే ఉండాలి.”

“మీ బ్యాంకువాళ్లు మళ్లీ బదిలీ చేస్తే? నా నిమ్మమొక్క చూడు, ఎన్ని ఊళ్లు తిరిగినా కుండీలోనే ఉంది. లారీ రాగానే ఎత్తి పెట్టేస్తాం.”

“అందుకే పాపం, ఇంతవరకూ ఒక్క కాయా కాయలేదు.”

“మధ్యలో దాన్నెందుకు ఆడిపోసుకుంటావు? నీ కొలను లారీ ఎక్కుతుందా, అది చెప్పు.”

“ఎక్కదు. అందుకే తవ్వుతున్నా.”

“అంటే?”

“ప్రమోషన్ వద్దని చెప్పేశాను. అది తీసుకుంటేనే బదిలీ. ఇక మనం ఇక్కడే.”

“నాతో ఒక్క మాటైనా అనలేదే.”

“అంటే మీరు ఒప్పుకోరు. ఉన్న ఉద్యోగం మానేసి ఊరూరా నా వెంట తిరిగారు. ఒక్కసారైనా విసుక్కోలేదు.”

“ఎందుకు విసుక్కోలేదు? నిమ్మమొక్క దగ్గర విసుక్కున్నాను.”

“తెలుసు. మొన్న మీరు దానితో మాట్లాడుతున్నప్పుడు వంటింటి కిటికీ తెరిచే ఉంది.”

అతను నీళ్ల డబ్బా కింద పెట్టాడు.

“ఆ గునపం ఇటివ్వు.”

“ఎందుకు, పూడ్చేస్తారా?”

“పక్కన ఇంకో గుంత తవ్వాలి. నీ కలువలు నేలలో ఉంటే నా నిమ్మ కుండీలో ఉండటమేమిటి?”